స్వరూప ఏషాలు

“నువ్వు ఊకో. నేను చెప్త” అని భార్య మాటను మధ్యలోనే తుంచేసి, కురుమూర్తి డాక్టరమ్మ బల్ల మీదికి ఇంకాస్త వంగాడు. “రోగం కాదు మేడం, ఏషాలు. చేన్ల పనుందంటే పడిపోతది. ముద్ద నోట్ల పడితే లేసి కూసుంటది. గిసుంటి రోగం యాడనన్న ఉంటదా?”

వనపర్తిలోని ఆ చిన్న దవాఖానకు వాళ్లు రావడం ఇది రెండోసారి. పోయిన వారం డాక్టరమ్మ రక్తం తీయించి, వాడుతున్న గోలీలన్నీ ఆపేసి ఇవాళ రమ్మంది. ఆపమనడమే కురుమూర్తికి నచ్చలేదు. డాక్టరన్నాక గోలీలు రాయాలి గానీ, ఉన్నవి పీకేయడమేమిటి? ఈమె చదువు సగంలో మానేసినట్టుంది అనుకున్నాడు.

స్వరూప కొంగు చివర వేలికి చుట్టుకుంటూ గోడవైపు చూస్తోంది. ఆమెకు కావలసింది మందు కూడా కాదు, తన రోగానికో పేరు. పేరంటూ ఉంటే ఇంట్లో నమ్ముతారు. ఈ డాక్టరు కూడా ఏమీ లేదంటే ఇటునుంచి ఇటే వీపనగండ్ల బస్సెక్కించి, అన్న ఇంట్లో దింపేసి వస్తానని కురుమూర్తి పొద్దున్నే తేల్చి చెప్పాడు. ఊరికే అన్న మాట కాదు. ఆమె బట్టల సంచి అతని కాళ్ల దగ్గరే ఉంది.

“మొదటిసారి ఎప్పుడు పడిపోయింది?” అని డాక్టరమ్మ అడిగింది.

“నాలుగేండ్లాయె. గద్వాల కాడ మా పత్తి చేన్లనే. ఎర్రటెండ. పొద్దటి సంది ఏం తినలేదంటది. చక్కరొచ్చి, కండ్లు తిరిగి దబ్బున పడ్డది. సల్ల తాపితే లేసింది. గాడికెల్లి మరిగింది మేడం. పొద్దుగాల లేస్తే చక్కరే, జర బువ్వ ఆలస్యమైతే చక్కరే.”

“ఎక్కడెక్కడ చూపించారు?”

ఈ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నట్టు కురుమూర్తి అందుకున్నాడు. లోకంలోని డాక్టర్లందరి బండారం అతని దగ్గరుంది. గద్వాలలో ఒకాయన గ్యాస్ అన్నాడు. ఆయన పొట్ట చూస్తే తెలుస్తుంది ఆ గ్యాస్ ఎవరికుందో. పాలమూరులో ఒకాయన చెవి లోపల ఏదో కదిలిందన్నాడు. హైదరాబాదులో తలకాయను గొట్టంలో దూర్చి తీసి, అంతా బాగానే ఉంది, మనసే బాగాలేదని చెప్పి పంపారు. పేరు వెనక అక్షరాలు బారెడు, తెలివి బెత్తెడు. ఇదంతా అతను నవ్వుతూనే చెప్పాడు. పక్కన కూర్చున్నది మనిషన్న సోయి కూడా లేదు.

“ఒక్క కర్నూలాయనే జర నయం. చెయ్యి గూడ పట్టలే, మా సంచిల ఉన్నయన్ని చూసి షుగర్ ఉన్నదన్నడు. గప్పటి సంది తీపి ముట్టనియ్య. యాడ పరీక్ష చేసినా షుగర్ మంచిగ కంట్రోల్ల ఉంది, గవే గోలీలు వాడున్రి అంటున్నరు. నేను చూసుకునుడు గట్లుంటది మరి.”

డాక్టరమ్మ కాగితాల్లోంచి తలెత్తలేదు. “ఈ వారంలో ఎన్నిసార్లు పడిపోయింది?”

కురుమూర్తి నోరు తెరిచేలోపే స్వరూప అంది. “ఒక్కపారి గూడ పడలే మేడం.”

“చూసిన్రా?” కురుమూర్తి కుర్చీలో వెనక్కి వాలాడు. “బస్సెక్కిస్త అనంగనే రోగం పోయింది. నేను మొదటి సంది చెప్తనే ఉన్న, ఒక్కరన్న ఇన్నరా?”

స్వరూపకు ఏడుపొచ్చింది. ఒంట్లో బాగున్నందుకు ఏడవాల్సిన గతి పట్టింది. కురుమూర్తి సంచి అందుకుని లేచాడు.

“కూర్చోండి” అంది డాక్టరమ్మ. “ఈమె పడిపోవడం నిజమే. రక్తంలో షుగర్ ఉండాల్సిన దానికన్నా బాగా కిందికి పోయి పడిపోతోంది. తింటే లేచి కూర్చునేది అందుకే. అసలు ఈమెకు షుగర్ జబ్బే లేదు. గోలీలు ఆపినా పెరగలేదు. లేని జబ్బుకు నాలుగేళ్లుగా గోలీలు మింగించారు. అవే ఈమెను పడేస్తున్నాయి.”

“అంటే నావి ఏషాలు కావా మేడం?”

“కావమ్మా.”

స్వరూప కొంగుతో మొహం తుడుచుకుంది. నాలుగేళ్లలో ఆ ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు. కురుమూర్తి మొహం మాత్రం ఎర్రబడింది. సిగ్గుతో అనుకునేరు, సిగ్గుకూ అతనికీ చుట్టరికం లేదు. తిట్టడానికి ఇంకొకడు దొరికాడన్న ఊపు అది.

“గా కర్నూలోడేనా గిదంత చేసింది?”

“ఆయన ఉన్నవే వాడమన్నాడు. అప్పటికే మీ సంచిలో ఆ గోలీలున్నాయి. మొదట ఎవరు రాశారు?”

“రాసుడేంది? ఒక్కపారి పడ్డదానికి డాక్టరెందుకని నేనే తెచ్చిన. గద్వాలల ఒక మందుల షాపు. వాడు మన దిక్కోడు గాదు, కోస్తా నుంచొచ్చి పెట్టుకున్నడు. అండీ, అండీ అనుకుంట మెత్తగ మాట్లాడి గివి అంటగట్టిండు. ఇయ్యాలనే పోయి వాణ్ని బజార్ల నిలబెడ్త.”

“మీరు అతన్ని ఏమని అడిగారు?”

“నాకు మాట రాదా మేడం? సక్కగ తెలుగులనే అడిగిన” అని కురుమూర్తి ఛాతీ విరిచాడు.

“మా ఆమెకు చక్కరొచ్చింది, గోలీలియ్యి అన్న.”