తప్పు లేని బొమ్మ

“నేను వైద్యుణ్ణి కాను. బొమ్మలేసుకుని బతికేవాణ్ణి,” అన్నాడు విల్బర్ నెజ్, ఇంగ్లీషులో.

ఆల్విన్ కదల్లేదు. పక్కన ఆరేళ్ల కూతురు జెరుషా. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తల్లి మేరీకుమారి.

బయట హాంబర్గ్ ముసురు. ముసలి విల్బర్ షెడ్డు నిండా రంగు ఇసుక డబ్బాలు. ఆయన అమెరికా ఎడారిలో పుట్టిన నవాహో తెగవాడు. రోగిని మధ్యలో కూర్చోబెట్టి నయం చేయడానికి తాత నేలమీద ఇసుకతో బొమ్మ వేస్తుంటే, చిన్నప్పుడు దూరం నుంచి చూసి నేర్చుకున్నాడు. ఎవరూ దగ్గర కూర్చోబెట్టి నేర్పలేదు. ఇప్పుడవే బొమ్మలు అట్టల మీద వేసి అమ్ముతాడు. ప్రతిదాంట్లో కావాలని ఒక తప్పు చేస్తాడు. తప్పు లేని బొమ్మ అమ్మకానికి కాదు, రోగికి. అది కూడా పొద్దు వాలేలోగా చెరిపేయాలి.

“మా పాప మాట్లాడి ఏడాదైంది సార్. డాక్టర్ల అపాయింట్‌మెంట్లు అయిపోయాయి, చర్చిలో ప్రార్థనలూ అయిపోయాయి,” అన్నాడు ఆల్విన్.

ఆటోబాన్ హైవే మీద జరిగిన ప్రమాదంలో పిల్లకు చిన్న గాటు కూడా పడలేదు. మాట మాత్రం పోయింది. ఆ రోజు బండి నడిపింది మేరీకుమారి. అప్పట్నుంచీ ఆల్విన్ ఆమెతో మాట్లాడడు, మొహం చూడడు. అతని కోపం అంత తేలిగ్గా దిగేది కాదు. తప్పు తనదే కదా అని ఆమే సర్దుకుపోతోంది.

“ఇంకోసారి అడగండీ. కాళ్లయినా పట్టుకోండి,” అంది ఆమె.

ఆల్విన్ జవాబివ్వలేదు. అయినా అడిగాడు.

ముసలాయన జెరుషా ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

“పాపను ఏదో పట్టుకుని ఉంది. అది వదిలితేనే మాట వస్తుంది.”

 మేరీకుమారి కూతుర్ని ఇంకా దగ్గరికి లాక్కుంది.

చివరికి ఒప్పుకున్నాడు. నేలమీద బొమ్మ వేయడానికి మూడు గంటలు పట్టింది. వేళ్ల సందుల్లోంచి ఇసుక జారుతుంటే ముసలాయన ప్రతి గీతా రెండుసార్లు సరిచూసుకున్నాడు.

“నేర్చుకున్నవాడికి భయముండదు. నేను చూసి దొంగిలించినవాణ్ణి,” అని గొణుక్కున్నాడు. ఈసారి మాత్రం తప్పు చేయలేదు.

“పాప ఒక్కతే కూర్చోవాలి. ఎవరూ ముట్టుకోకూడదు.”

ఆల్విన్ దూరంగా జరిగాడు. మేరీకుమారి వల్ల కాలేదు. ఏడాదిగా నిద్రలో కూడా వదలని చెయ్యి అది. ఎంతసేపు పట్టుకున్నా వెచ్చబడదు. వదిలితే మళ్లీ దక్కదేమోనని పాడు భయం. కానీ బిడ్డ నోట ఒక్క మాట వినాలి. జర్మన్‌లో అయినా సరే.

వదిలేసింది.

జెరుషా వెళ్లి బొమ్మ మధ్యలో కూర్చుంది. కాసేపటికి బుగ్గల్లోకి రంగొచ్చింది. పెదాలు కదిలాయి. మేరీకుమారి ఆశగా ముందుకు వంగింది.

“నాన్నా, అమ్మ సమాధి దగ్గరికి తీసుకెళ్తావా?” అంది జెరుషా.