డాబా మీది అక్క

టైలరమ్మ చనిపోయిన నెలకి అపార్ట్‌మెంటు సెక్రటరీ డాబా ఎక్కాడు. ఆమె కోళ్ళని సాయంత్రంలోగా ఖాళీ చేయించాలట. ఎవరైనా గట్టిగా మాట్లాడితేనే నేను లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటాను. కానీ ఆమె వాటిని నాకే అప్పగించి పోయింది.

టైలరమ్మ కూతురు అప్పుడే గూడు తలుపు తీసి వాటిని నాకు పరిచయం చేస్తోంది.

"పెద్దమ్మా, ఈ పుంజు పేరు సెక్రటరీ. డాబా అంతా తిరిగి కూస్తుంది. ఇంకే పనీ చెయ్యదు."

"నా పేరు పెట్టారా?" అన్నాడాయన.

"పేరు కాదండీ, పదవి."

"కింద ఎవరికీ చెప్పకండమ్మా," అని ఆయన కోళ్ళ సంగతే వదిలేసి దిగిపోయాడు.

మూలన ఒక పెట్ట వణుకుతోంది. "దీని పేరో?" అన్నాను.

పిల్ల నసిగింది. "అక్క. ఊరికే కంగారు పడుతుందని మీ పేరే పెట్టింది అమ్మ."

రోజూ పొద్దున్నే డాబా మీంచి "భయపడకే అక్కా, నేనున్నాగా" అని టైలరమ్మ గొంతు వినబడేది. నాతోనే అనుకుని కిందింట్లోంచి నేను "సరేలేవే" అని, ఆ ధైర్యంతోనే స్టవ్ వెలిగించేదాన్ని.

పెట్టని ఒళ్ళోకి తీసుకుని ఆ మాటే అన్నాను. దానికి జవాబు చెప్పడం రాదు కదా, "సరేలేవే" అని కూడా నేనే అన్నాను.