ఒక్క కామా

మొదటి గుద్దుకి కౌకో లాంపెలా కళ్ళద్దాలు ఎగిరి హీటర్ వెనక పడ్డాయి. రెండో గుద్దుకి పై పన్ను ఒకటి ఊడి నాలుక మీద పడింది. మూడోది ఎక్కడ తగిలిందో తెలిసేలోపే, గదిలోకి దూసుకొచ్చిన ఆ మనిషి తలుపు గడియ పెట్టి వచ్చాడు. మెడ పట్టుకుని అతని మొహాన్ని బల్లకేసి నొక్కాడు.

"పిహ్లా నెవలైనెన్. మందుల లెక్కల పేపరు. తియ్యి."

ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న ఆ చిన్న నర్సింగ్ కళాశాలలో కౌకో పదహారేళ్ళుగా మందుల లెక్కలు చెబుతున్నాడు. ఎన్ని మిల్లీగ్రాములకు ఎన్ని మిల్లీలీటర్లు, గంటకు ఎన్ని చుక్కలు, అదీ పాఠం. పదికి పది లెక్కలూ సరిగ్గా చేస్తేనే పాస్. ఒక్కటి తప్పినా మళ్ళీ రాయాల్సిందే. కూతుళ్ళు తప్పారని తండ్రులు ఇదివరకూ వచ్చారు. అలిగి, గొణిగి, ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళారు. ఇలా చేతులతో మాట్లాడే తండ్రిని కౌకో చూడటం ఇదే మొదటిసారి.

అరిచినా వినేవాళ్ళు లేరు. ప్రభుత్వం నిధులు కోసింది, కళాశాల ఉద్యోగుల్ని తీసేసింది, అటూ ఇటూ గదులు ఖాళీ. ముప్ఫైమంది ఉండే తరగతిలో ఇప్పుడు నూట పదిమంది. అందులో సగంమంది కంప్యూటర్ తెర మీద పేర్లే. పిహ్లా ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుందామంటే కౌకోకి ఏ మొహమూ తట్టలేదు.

"నీ కూతురు చాలా కష్టపడి ఉంటుంది," అన్నాడు నెత్తురు మింగుతూ. "కూర్చుని మాట్లాడుకుందాం."

"నా కూతురి ఊసెత్తకు."

జుట్టు పట్టి తల లేపి మళ్ళీ బల్లకేసి కొట్టాడు. కాఫీ ఫ్లాస్కు దొర్లి కింద పడి పగిలింది.

యాభై ఎనిమిదేళ్ళ పంతులు, దుంగలు మోసినట్టున్న ఆ మనిషి భుజాలతో ఏం పోరాడతాడు? బేరానికి దిగాడు. మళ్ళీ పరీక్ష పెడతానన్నాడు. రేపే పెడతానన్నాడు. అసలు పరీక్షే వద్దు, పాస్ చేసేస్తానన్నాడు. పాస్ అన్న మాట చెవిన పడగానే ఆ మనిషికి పూనకం వచ్చినట్టయింది. కుర్చీతో సహా కిందికి లాగి బూటుకాలితో డొక్కలో తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు కౌకోకి లోపల్నుంచే వినిపించింది.

"పాస్ చేస్తావా పంతులూ? ఎలా చేస్తావు?"

దెబ్బకి దెయ్యమే వదులుతుందంటారు, గుట్టు ఎంత? కౌకో అంతా చెప్పేశాడు. కొన్నేళ్ళ కిందట ప్రభుత్వం పద్ధతి మార్చింది. ఎందరు చేరారన్నది కాదు, ఎందరు డిగ్రీ పుచ్చుకుని బయటపడ్డారన్నదే ముఖ్యం, కళాశాలకు సొమ్ము దాన్ని బట్టే. అప్పట్నుంచీ ప్రతి పరీక్ష తర్వాతా విభాగం పెద్ద సైలా జాబితా పట్టుకుని అతని గదికి వస్తుంది. తప్పిన పిల్ల మనకి ఖర్చు, నెగ్గిన పిల్ల మన జీతం అని తియ్యగానే చెబుతుంది. ఆసుపత్రుల పోరు సరేసరి, నర్సులు దొరక్క చదువు ముగియని పిల్లల్నే ఎగరేసుకుపోతున్నాయి. మూడుసార్లు తప్పినవాళ్ళని నాలుగోసారి ఏం చెయ్యాలో సైలా ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు. చెప్పకపోయినా కౌకోకి అర్థమైంది.

దశాంశానికి ఆ దేశంలో చుక్క కాదు, కామా పెడతారు. పిల్లలు ఎక్కువగా బోల్తా పడేది అక్కడే. రెండు కామా ఐదు అని రావాల్సిన జవాబు ఇరవై ఐదు అని రాసి కూర్చుంటారు, అంటే పదింతల మందు.

"ఒక్క కామాయే కదా," అన్నాడు కౌకో ఎగశ్వాస మీద. "రెండుకీ ఐదుకీ మధ్య పెన్నుతో ఇలా అంటే సరి. ఎంతమందికో పెట్టాను. నీ కూతురికీ పెడతాను."

ఆ మనిషి వంగి అతని మొహంలో మొహం పెట్టాడు.

"ఎంతమందికో పెట్టావా?"

అందరికీ పెట్టి తన కూతురికే పెట్టలేదని ఆ తండ్రికి కడుపు మండిందనుకున్నాడు కౌకో. ఇప్పుడే పెడతానంటూ బల్ల మీది పెన్ను కోసం కుడిచెయ్యి చాపాడు.

"ఈ చేత్తోనేనా?"

అవునన్నాడు. ఆ మనిషి ఆ చేతిని ఇనప బీరువా సొరుగులో పెట్టి, సొరుగును మోకాలితో మూశాడు. తెరిచి మళ్ళీ మూశాడు. వేళ్ళు ఒక్కొక్కటే పటుక్కుమన్నాయి. మూడోసారికి కౌకో గొంతులోంచి వచ్చేది మనిషి గొంతులా లేదు.

పేపరు మాత్రం దొరికింది. కట్టలోంచి ఎడమచేత్తో కౌకోనే తీసి, కళ్ళద్దాలు లేవు గనక మొహానికి ఆనించుకుని చూశాడు. నాలుగో ప్రయత్నం, పోయిన వసంతంలోది. ఎనిమిదో లెక్క. పిల్ల రాసిన అంకెలు నీలం సిరాలో ఉన్నాయి, వాటి మధ్య కామా నల్లసిరాలో ఉంది. కింద పదికి పది వేసి తన సంతకం.

కౌకో నొప్పి కూడా మరిచిపోయాడు.

"ఈ పిల్ల పాసయింది," అన్నాడు. "నేనే చేశాను. నీ కూతురు నర్సయి ఏడాది కావస్తోంది. మరి నన్నెందుకు చంపుతున్నావు?"

ఆ మనిషి పేపరు లాక్కుని, ఆ కామా మీద బొటనవేలు పెట్టి తుడవబోయాడు. అది చెరగలేదు.

"పిహ్లాని నేను ఒక్కసారే చూశాను, పిల్లల వార్డులో," అన్నాడు. "సూది నొప్పి తెలీకుండా వేసింది."

కౌకోకి ఇంకా అర్థం కాలేదు.

"నా కూతురికి ఆరేళ్ళు. ఇక ఏడు రావు."