ఒంటిచెవి మైసిగాడు

కుక్క జీపులోంచి దూకీ దూకగానే లింగాన్ని దాటుకుని పోయి మద్దిలేటి కాళ్లు నాకింది. మద్దిలేటి బూటుకాలితో దాని డొక్కలో ఒక్కటి తన్నాడు.

"ఛీ, పో!"

కుయ్యోమంటూ ఇసకలో దొర్లింది పాపం. లింగానికి ఒళ్లు మండిపోయింది. నోరులేని జీవం, ఇవాళే కుక్కల షెల్టర్‌లోంచి బయటపడింది. దాన్ని తన్నడానికి ఈ మనిషికి కాలెలా వచ్చిందో!

కువైట్ ఎడారి అంచున ఉన్న ఆ తోటలో పనివాళ్లు వాళ్లిద్దరే. మద్దిలేటిది రాయచోటి వైపు. ఖైతాన్ పేటలోని దుకాణాలకు పికప్‌లో కూరగాయలు తోలతాడు. లింగానిది జగిత్యాల. నారుమళ్లకు నీళ్లు పెడతాడు. యజమాని, అంటే వాళ్ల కఫీల్, చలికాలం వస్తే చాలు పిట్టల వేటకు ఓ కుక్కను తెస్తాడు. పోయినేడు బోలెడు పోసి కొన్న జాతికుక్క దేనికీ పనికిరాలేదని కాల్పించేశాడట. అందుకే ఈసారి షెల్టర్‌కు పోయి ఊరికే దత్తత తెచ్చుకున్నాడు. దీనికి ఎడమ చెవి లేదు. బొచ్చంతా షెల్టర్ వాళ్లు నున్నగా గొరిగి పంపారు.

"చెవి లేదు బాబా," అన్నాడు లింగం.

"పిట్టను చెవితో తెస్తుందా, నోటితో తెస్తుందా?" అన్నాడు కఫీల్. "అస్లాం, దీన్ని నువ్వే తయారు చెయ్యాలి. వేటరోజు పిట్టను తేలేదో, ఖలాస్!"

ఆ 'ఖలాస్' అనేటప్పుడు గొంతు మీద వేలితో గీత గీశాడు.

అస్లాం అనేవాడు ఎండాకాలంలోనే పని మానేసి వెళ్లిపోయాడు. వాడి చోటులోకి లింగం వచ్చాడు. ఆ సంగతి కఫీల్‌కు ఇంకా తెలిసినట్టు లేదు. కింద పనిచేసేవాళ్ల మొహం చూసి మాట్లాడే అలవాటు ఆయనకెప్పుడూ లేదు.

లింగం కుక్కకు మైసిగాడని పేరు పెట్టుకున్నాడు. పాత సాక్సులో పావురం ఈకలు కుక్కి, మూతి ముడేసి, దూరంగా విసిరేవాడు. "తే బిడ్డా" అంటే తెచ్చేది. "ఆగు" అంటే ఆగేది. అబ్బో, లింగం మురిపెం చూడాలి!

"మద్దిలేటన్నా, మన తెలుగు దీనికి ఎంత జల్ది పట్టువడ్డదో సూసినవా?"

"మురిసింది సాల్లే," అన్నాడు మద్దిలేటి తల తిప్పుకుని. "దాన్ని నా తట్టు మాత్రం రానియ్యాకు."

అది సిగ్గూశరం లేకుండా అతని దగ్గరికే పోయేది. పోయినప్పుడల్లా రాయి దెబ్బ తినొచ్చేది.

వచ్చిన చిక్కల్లా తుపాకి చప్పుడుతోనే. ఎక్కడో దూరాన పేలినా మైసిగాడు ఉచ్చ పోసుకునేది. అందుకని లింగం తిండి పెట్టినప్పుడల్లా తపేలా మీద గరిటెతో బాదాడు. మొదట గోడ అవతల నుంచి, తర్వాత దాని పక్కనే నిలబడి. పోనుపోను చెవులు చిల్లులు పడేలా మోగించినా తోకూపుతూ తినడం నేర్చింది. ఇక గండం గడిచిందనుకున్నాడు పిచ్చిమారాజు.

వేటరోజు రానే వచ్చింది. కఫీల్ కాల్చాడు. గువ్వ టపీమని పడింది. మైసిగాడు గువ్వ వైపు పోలేదు సరికదా, జీపు కింద దూరింది.

కఫీల్ దాన్ని వెనక్కాలు పట్టుకుని బయటికి ఈడ్చాడు. తుపాకి మడమతో వీపు మీద కుమ్మాడు. అడ్డం పోయిన లింగానికి చెంప పగిలింది. మళ్లీ పేల్చాడు, ఈసారి కావాలనే దాని నెత్తిమీదుగా. కుక్కకు పిచ్చెత్తిపోయింది. మెడ పట్టబోయిన కఫీల్ చేతిని కసుక్కున కొరికింది. నెత్తురు బొటబొటా కారింది.

"ఖలాస్!" తుపాకిని మద్దిలేటి మీదికి విసిరాడు. "దిబ్బ వెనక్కి తీసుకుపోయి కాల్చెయ్. చెవి కోసి తే. ఉత్తమాటలు నేను నమ్మను."

లింగం మద్దిలేటి కాళ్ల మీద పడ్డాడు. "అన్నా, నీ కాల్మొక్త. గాలిల పేల్చి ఇడిసిపెట్టే!"

"చెవి తెమ్మంటాండాడు, ఇనపడల్యా?" కాళ్లు విదిలించుకున్నాడు మద్దిలేటి. కుక్కను పికప్‌లో పడేసి దిబ్బ వెనక్కి పోయాడు.

తుపాకి పేలింది. ఆ తర్వాత మైసిగాడి అరుపు. పేగులు కదిలిపోయే అరుపు. ఒక్క దెబ్బకు చంపను కూడా లేదు కసాయి వెధవ, అనుకుని లింగం చెవులు మూసుకున్నాడు.

మద్దిలేటి తిరిగొచ్చాడు. చొక్కా నిండా నెత్తురు. కఫీల్ అరచేతిలో చెవి పెట్టాడు. ఆయన దాన్ని ఓసారి చూసి, ఇసకలోకి విసిరేసి, చేతికి కట్టు కట్టించుకోవడానికి వెళ్లిపోయాడు.

జీపు కనుమరుగయ్యేదాకా ఆగాడు లింగం. ఆ తర్వాత పార అందుకున్నాడు.

మొదటి దెబ్బ భుజాన పడింది. రెండోది మూతి మీద. పన్ను ఊడి పడింది. మద్దిలేటి చెయ్యెత్తలేదు. పికప్‌కు ఆనుకుని కూలబడ్డాడు. లింగం అతని గుండెల మీదెక్కి గొంతు పిసికాడు.

"నీకు చేతులెట్లాడినయ్‌రా? పాణం ఉండంగనే కోసినవ్ గదరా! నువ్వు మనిషివేనారా?"

ఏడుస్తూనే పిసుకుతున్నాడు. మద్దిలేటి కళ్లు తేలేశాడు. ఎలాగో ఆ చేతులు విడిపించుకుని, దగ్గి, నెత్తురు ఉమ్మి, పికప్ మీద కప్పిన టార్పాలిన్ వైపు చూపించాడు.

"ఎడమ చెవి పోయినేడు కోసిచ్చినా, కుడి చెవి ఈపొద్దు కోసిచ్చినా, ఇప్పుడు గూడా తీస్కపోయి ఆ షెల్టరోళ్ల గేటుకాడే ఇడిసొస్తా గానీ, వచ్చే చలికాలం ఈయప్ప పోయి మళ్లా దీన్నే తెచ్చుకుంటే, కోసియ్యడానికి దీనికింక చెవుల్లేవు లింగా."