చక్రం ఉన్న వేలు

పలాసలో ఇప్పుడు ఏ తలుపుకూ గొళ్ళెం లేదు. లోపలికి రావాలన్నా, బయటికి పోవాలన్నా బొటనవేలు ఆనించాల్సిందే. ముప్పై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టిన దాలమ్మ వేళ్ళమీద గీతలే లేవు. తొక్కలోని నూనె వాటిని తినేసింది. ముందు ఫ్యాక్టరీ గేటు ఆమెను గుర్తుపట్టడం మానేసింది, ఆ తర్వాత సొంత ఇంటి తలుపు.

మిగిలింది కూతురు హైమ. అది పుట్టినప్పుడు దాలమ్మ అత్త పసివేలు తిప్పి చూసి, "సక్రం ఉందే, దొరసానౌతాది" అని మురిసిపోయింది. ఇప్పుడా చక్రమే తలుపు తీస్తుంది. పొద్దున్న హైమ కాలేజీకి పోతే సాయంత్రం దాకా దాలమ్మ లోపలే. కూరలమ్మి వస్తే కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి తోటకూర కట్ట అందుకుంటుంది.

ఆ సాయంత్రం బయట తలుపు "మళ్ళీ ఆనించండి" అనడం వినబడింది. ఇంకోసారీ అంది. మూడోసారికి తెరుచుకుంది. హైమ లోపలికొస్తూనే చెయ్యి వెనక్కి దాచుకుంది. దాలమ్మ లాగి చూసింది. బొటనవేలు నల్లబడి, తోలు పొరలుగా లేచి ఉంది.

"ఏటే ఇది?"

"కాలేజీలో రంగులమ్మా."

దాలమ్మ ఆ వేలు వాసన చూసింది. తన ముప్పై ఏళ్ళ వాసన.

"ఎన్నాళ్ళనుంచే?"

"రెండు నెల్లు. నువ్వు పనికెళ్ళకపోతే ఇల్లెలా గడుస్తాదమ్మా?"

తిట్టబోయిన దాలమ్మ చూపు కూతురి వెనక్కి పోయింది. "తలుపట్టుకోయే!" అని అరిచింది. అప్పటికే అది మూసుకుంది.

ఇద్దరూ దానివైపే చూస్తూ నిలబడ్డారు. ఒకసారి ఆనించి చూడవే అనడానికి దాలమ్మకు నోరు రాలేదు.