కిటికీ దగ్గర కోపం

"మీకు ఒకళ్ళని విసిగించడం కూడా చేతకాదా?" అని నటుడి మీద విరుచుకుపడింది పరిశోధకురాలు.

నటుడికి చివుక్కుమంది. "అదేం మాట డాక్టరమ్మా! స్టేజీ మీద నన్ను చూస్తే చంటిపిల్లలు జడుసుకుంటారు. తప్పు నాది కాదు, మీరు పంపే మనుషులది."

డాక్టరమ్మ అని అతను పిలిచినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. ఆ డాక్టరేటే కదా ఇప్పుడు చేజారిపోయేలా ఉంది!

సినిమాల్లో నరుక్కోవడం, చంపుకోవడం చూస్తే మనిషికి కోపం పెరుగుతుందా? అదీ ఆమె పరిశోధన. పెరిగి తీరుతుందని ఆమె నమ్మకం. పైగదిలో ఆపరేటరు ఒక సినిమా వేస్తాడు. మొదట్నుంచి చివరిదాకా కత్తులూ నెత్తురే. చూసినవాళ్ళు మెట్లు దిగి, ఈ కిటికీ దగ్గర తమ కాగితం మీద ముద్ర వేయించుకుని పోవాలి. కిటికీ వెనక గుమాస్తా వేషంలో ఈ నటుడుంటాడు. వచ్చినవాళ్ళకి తిక్కరేగేలా ప్రవర్తించడం అతని పని. నల్లద్దం వెనక కూర్చుని ఎవరికి ఎంత కోపం వచ్చిందో రాసుకోవడం ఆమె పని. రాసుకోవడానికి ఏముంది గనక? వారం రోజులుగా అన్నీ సున్నాలే.

"ఇవాళ సాయంత్రంలోగా ఒక్కరికైనా కోపం తెప్పించు. లేదంటే దీన్ని మూసేసి, ఇంకో విషయం పట్టుకో," అని ప్రొఫెసరు తేల్చి చెప్పేశారు. ఇంకో విషయమంటే మళ్ళీ ఇన్నేళ్ళూ! తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చినంత పనవుతోంది.

మెట్ల మీద చప్పుడైంది. ఆమె గబగబా అద్దం వెనక్కి వెళ్ళింది.

దిగినవాడు లారీ డ్రైవరు. మెలితిప్పిన మీసం, గుమ్మం నిండా మనిషి. ఆమెకు ఆశ పుట్టింది.

"ముద్ర వెయ్యాలండీ," అన్నాడు డ్రైవరు.

"కళ్ళు కనపడట్లా? పనిలో ఉన్నాను," అన్నాడు నటుడు తాపీగా గోళ్ళు కత్తిరించుకుంటూ. పది వేళ్ళూ అయ్యేదాకా నిలబెట్టి, "ఇంకు అయిపోయింది. బజారుకెళ్ళి పట్రా," అన్నాడు.

డ్రైవరు వెళ్ళాడు. ఇంకు సీసా తెచ్చాడు. "ఇంకేమైనా కావాలాండీ? మళ్ళీ మీకెందుకు ఇబ్బంది, ఇప్పుడే తెచ్చిపెడతాను," అన్నాడు.

అద్దం వెనక ఆమె నుదురు కొట్టుకుంది.

తర్వాత కాలేజీ అమ్మాయి దిగింది. నటుడు ఆ పిల్ల కళ్ళముందే కాగితాన్ని రెండు ముక్కలు చేసి, "అరెరే, చిరిగిపోయిందే!" అని ఇకిలించాడు.

"పర్లేదంకుల్, జిరాక్సులు తెచ్చుకున్నా. మా కాలేజీ ఆఫీసుతో అలవాటైపోయింది," అంటూ సంచిలోంచి ఇంకోటి తీసిచ్చింది ఆ పిల్ల.

ఆ వెనకే ఒక రిటైరైన మాస్టారు. నటుడు ఈసారి తలైనా ఎత్తలేదు. "ఇవాళ కుదరదు. రేపు రా, పో!" అని అరిచి, కిటికీ తలుపు ఆయన మొహాన ధడాలున వేసేశాడు.

మాస్టారు తలుపు మీద మెల్లగా తట్టారు. "రేపన్నావు, అదే పదివేలు నాయనా! ఇంకెక్కడైనా అయితే వచ్చే నెల అనేవాళ్ళు."

ఆమె పళ్ళు పటపటా కొరికింది. ఛీ, ఏం మనుషులు! అన్ని కత్తిపోట్లు చూసొచ్చి కూడా ఇంత మర్యాదా? ఒక్కడంటే ఒక్కడు గొంతు పెంచడే! వీళ్ళకి రాని కోపమంతా తనకే వస్తోంది. లేచి వెళ్ళి ఒక్కొక్కళ్ళనీ పట్టుకుని కుదిపేయాలనిపించింది.

సాయంత్రమయ్యేసరికి ప్రొఫెసరు దిగబడ్డారు. ఆమె పక్కన కుర్చీ లాక్కుని, "ఏమ్మా, ఇవాళా సున్నాలేనా?" అన్నారు.

ఆమె సున్నాలతో నిండిన కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది.

"సరే. రేపు నా గదికి రా, కొత్త విషయం ఆలోచిద్దాం," అంటూ ఆయన లేవబోయారు. అప్పుడే మెట్ల మీద దబదబా అడుగులు.

వచ్చినవాడు బక్కపల్చటి మనిషి. సోడాబుడ్డి కళ్ళద్దాలు, చంకలో గొడుగు. వీడా కోప్పడేదని ఆమె చూపు కూడా తిప్పేసుకుంది.

"ఏమండీ..." అన్నాడతను కిటికీ దగ్గరికొచ్చి.

నటుడు పేపరు చదువుకుంటూ, "కాస్త ఆగవయ్యా," అన్నాడు.

అంతే! అతను లోపలికి చెయ్యి పెట్టి ఆ పేపరు లాగి పరపరా చింపేశాడు. "ఆ మాట ఇంకోసారి అను! అనరా, చూస్తాను!" అంటూ ముద్రల పెట్టె ఎత్తి నేలకేసి కొట్టాడు. గొడుగు కొక్కెం మెడకు తగిలించి నటుణ్ణి కిటికీ దాకా లాగాడు. నటుడు వేషం సంగతే మర్చిపోయి, "డాక్టరమ్మా, చంపేస్తున్నాడు!" అని కేకలు పెట్టాడు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "వచ్చింది సార్! కోపం వచ్చింది!"

"శభాష్!" అన్నారు ప్రొఫెసరు. "చూశావా, అంత మెతక మనిషిని కూడా సినిమా ఎలా మార్చేసిందో! నువ్వన్నదే నిజం. ఇక రాసుకో నీ థీసిస్!"

ఇద్దరూ బయటికి పరుగెత్తారు. ఆమె ఆ మనిషి చేతులు రెండూ పట్టేసుకుంది. "మీ మేలు మర్చిపోలేనండీ! ఒక్క మాట చెప్పండి చాలు. సినిమాలో ఏది చూసి మీకింత ఆవేశం వచ్చింది?"

"సినిమానా?" రొప్పుతూ ఆమెను ఎగాదిగా చూశాడతను. "పొద్దున్న రమ్మంటే పొద్దున్నే వచ్చాను. నా వెనకొచ్చిన వాళ్ళందర్నీ లోపలికి పిలిచి, నన్ను మాత్రం కాస్త ఆగు, కాస్త ఆగు అని ఇంతసేపూ బల్ల మీదే కూర్చోబెట్టాడు మీ ఆపరేటరు! దణ్ణం పెడతాను తల్లీ, ఆ నరుక్కునే సినిమా ఏదో ఇప్పుడైనా వేయించు, చూస్తే కాస్త మనసు కుదుటపడుతుంది!"