గడియారం కింద కుర్చీ

"ఎవరండీ మీరు? లేవండి, అది మా ఆవిడ కుర్చీ!"

గడియారాల సంఘం అధ్యక్షుడి అరుపుకి హాలంతా ఇటు తిరిగింది.

ఆ నెల మీటింగు ఆయనింట్లోనే. కొత్తగా కొన్న పాతకాలపు గోడ గడియారం అందరికీ చూపించుకోవాలని ఆయన ఉబలాటం. దానికి చెంబంత సీసపు గుండు వేలాడుతోంది. సరిగ్గా గుండు కిందే ఆ కుర్చీ.

కుర్చీలో ముక్కూమొహం తెలియని మనిషి.

"గుండు తగిలించిన కొక్కెం అరిగిపోయింది. మార్పించండి, లేస్తాను" అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు.

నవ్వరూ మరి! వచ్చే వారమే పోటీ. ప్రతి ముక్కా పాతదైతేనే బహుమతి. మనుషులకి కట్టుడు పళ్లున్నా ఫర్వాలేదు గానీ, గడియారం చక్రాల పళ్లు మాత్రం అసలువే ఉండాలి ఆ సంఘంలో.

"నా బహుమతి చెడగొట్టమని ఎవరు పంపారయ్యా నిన్ను?"

"ఎవరూ పంపలేదు."

"పోనీ మార్పించెయ్యకూడదూ? అంతగా చెబుతున్నాడు పాపం" అంది అధ్యక్షుడి భార్య.

"నువ్వూరుకోవే! కొక్కెం సంగతి నీకేం తెలుసు?"

ఆ మనిషి ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు మాత్రం ఇక్కడ కూర్చోకండి. మీకు పుణ్యముంటుంది."

అధ్యక్షుడికి ఒళ్లు మండింది. రెక్క పట్టుకుని లేపాడు. ఆ చెయ్యి చల్లగా, తడి బట్టలా ఉంది. అయినా వదల్లేదు. గుమ్మం దాటించి తలుపేశాడు.

"ఎవరి తాలూకు?"

"మీ చుట్టమనుకున్నాం" అన్నారు సభ్యులు.

భార్య కిటికీలోంచి తొంగి చూసింది.

"అదేమిటండీ, వీధిలో ఎవరూ లేరు!"

ఆ వారం తిరక్కుండానే, ఓ పొద్దున అధ్యక్షుడు గడియారానికి కీ ఇచ్చి, గుండుని పైదాకా ఎక్కించి స్నానానికెళ్లాడు. ఆవిడ పేపరు పట్టుకుని కుర్చీలో కూలబడింది.

ఇల్లదిరేలా చప్పుడైంది.

ఆయన తడి ఒంటితో పరుగెత్తుకొచ్చాడు. ఎంత పిలిచినా ఆవిడ పలకలేదు.

పోటీ లేదు, బహుమతి లేదు. ఆయనకి తిండి సయించలేదు. ఎంతసేపూ ఆ మనిషి మాటే. కొక్కెం సంగతి అంత బాగా తెలిసిందంటే, గడియారాన్ని అది ఇదివరకున్న ఇంట్లో చూసే ఉంటాడు. వెతుక్కుంటూ, గడియారం అమ్మిన ముసలమ్మ దగ్గరికెళ్లాడు.

"పొడుగ్గా ఉంటాడమ్మా. ఎడమ కనుబొమ్మ మీద పుట్టుమచ్చ. ఆయన మాట వినుంటే మా ఆవిడ బతికుండేది. నేనే గెంటేశాను, పాపిష్టివాణ్ణి! ఎక్కడుంటాడో చెప్పండి, కాళ్లమీద పడతాను."

ముసలమ్మ మొహం పాలిపోయింది.

"తప్పు నాది బాబూ. జరిగింది చెబితే ఎవరూ కొనరని నోరు మూసుకున్నాను" అంది.

"ఏం జరిగిందమ్మా?"

"మీరు చెప్పేది మావారి సంగతి బాబూ... నిరుడు ఆ గుండు నెత్తిన పడే పోయారు."